బడికి పంపుత, బాటకు పంపను

ప్రశ్న: మాది హైదరాబాద్, తార్నాక. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి మూడేళ్ల కిందట రిటైరయ్యాను. మా మేడ మీది గదిలో ఒక అఫ్గాన్ అబ్బాయి అద్దెకుంటున్నాడు, ఉస్మానియాలో పీజీ చదువుతున్నాడు. మర్యాదస్తుడు, నన్ను ఆంటీ అంటాడు. వాళ్ల చెల్లెలు కాబూల్లో ఉంటుంది, పదిహేనేళ్లది. ఆరో తరగతి పాసయింది. తాలిబన్ల పాలనలో ఆపైన ఆడపిల్లలకు బడి లేదు కాబట్టి మళ్లీ ఆరులోనే కూర్చుంది. రెండోసారి కూడా పాసయ్యాక ఇక రావద్దన్నారట. మొన్న వీడియో కాల్‌లో తన నోటుపుస్తకం చూపించింది. ఎవరి దగ్గరో ఏడో తరగతి లెక్కల పుస్తకం అడిగి తెచ్చుకుని తనంతట తాను చేస్తోంది. సగం తప్పులే. "ఆంటీ, వారానికి రెండు రోజులు మా చెల్లికి లెక్కలు చెబుతారా?" అని ఆ అబ్బాయి అడిగాడు.

మావారు వద్దంటున్నారు. "వాళ్ల ఆచారమే అంత. కన్నవాళ్లకు లేని బాధ నీకెందుకు? పైగా నీవల్ల ఆ పిల్లకేమన్నా అయితే?" అంటారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయేమో నెట్‌లో ఏదో చూసి, "అక్కడ చిన్న బడుల్లో నూటికి నలభై మంది ఆడపిల్లలేనట, మీరనుకున్నంత ఘోరం కాదమ్మా" అంటాడు. ఎవరి మాట నమ్మాలి? సర్టిఫికెట్ రాని చదువు చెప్పి పిల్లకు లేనిపోని ఆశ పెట్టడం తప్పేమోనని కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?
పేరు వద్దు, తార్నాక

సమాధానం: చెప్పండమ్మా, లెక్కలు చెప్పండి. మొదటి జవాబు అదే. సగం తప్పులన్నారు గానీ, చెప్పేవాళ్లు లేకుండా, బోర్డు లేకుండా, పక్క బెంచీ పిల్ల కూడా లేకుండా ఏడో తరగతి లెక్కలు సగం ఒప్పు చేసిన పిల్లలు మీ సర్వీసులో ఎంతమంది తగిలారో ఒకసారి గుర్తు చేసుకోండి. నాకైతే ఇద్దరే.

ఇక మీవారి సంగతి. ఆయన అన్న మాటల్లో మొదటిది తప్పు, చివరిది ఒప్పు. రెంటినీ కలిపి కొట్టేస్తే ఆయనకు కోపం రావడం ఖాయం. అందుకని విడివిడిగా చెబుతాను.

"వాళ్ల ఆచారమే అంత" అనే మాట నేనూ అనేదాన్ని, అఫ్గానుల గురించి కాదు, మనవాళ్ల గురించే. తొంభైల్లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేశాను. ఏడులో పద్దెనిమిది మంది ఆడపిల్లలుంటే, ఎనిమిదికి వెళ్లింది నలుగురు. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల అవతల, మధ్యలో వాగు, వాగు ఒడ్డున కల్లు దుకాణం. క్లాసులో ఫస్టొచ్చే పిల్లను మాన్పించారని తెలిసి ఒకాయన ఇంటికి వెళ్లాను. మంచం వాల్చి కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు, నేను చెప్పిందంతా తలొంచుకుని విన్నాడు. చివరికి, "బడికి పంపుత టీచరమ్మా, బాటకు పంపను" అన్నాడు. అప్పటికి అది తప్పించుకునే మాట అనుకున్నాను. రెండేళ్లకు మా బడినే హైస్కూలు చేశారు. ఆయన చిన్న కూతురు అక్కడే పది పాసయింది. ఆ మనిషి మారలేదు, ఆచారమూ మారలేదు. నడవాల్సిన దూరం తగ్గింది, అంతే.

ఇది నా ఒక్కదాని అనుభవం, దీంతో అఫ్గానిస్తాన్ గురించి తీర్పు చెప్పకూడదు. కానీ సరిగ్గా ఇదే సంగతి అక్కడ ఊళ్లలోనే పరీక్షించి చూశారు. 2007లో, అటు అమెరికా సేనలు, ఇటు తాలిబన్లు ఉన్న రోజుల్లో, ఘోర్ అనే కొండ ప్రాంతంలో డానా బర్డ్, లీ లిండెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ పని చేశారు. 31 ఊళ్లు తీసుకున్నారు. చీటీలు తీసినట్టుగా ఎంచి కొన్ని ఊళ్లకు ముందు బడి ఇచ్చారు, మిగతావాటికి ఏడాది తర్వాత. బడి అంటే భవనం అనుకునేరు. మసీదులోనో ఎవరింట్లోనో ఒక గది, ఆ ఊరివాడే కాస్త చదువుకున్నవాడు పంతులు, పలకలు, పుస్తకాలు. అంతకుముందు ఆ పిల్లలకు సర్కారు బడి మైళ్ల దూరంలో ఉండేది.

ఏమైందో చూడండి. బడి వచ్చిన ఊళ్లలో, రాని ఊళ్లతో పోలిస్తే, మగపిల్లలు నూటికి 35 మంది అదనంగా చేరారు. ఆడపిల్లలు 52 మంది. అప్పటిదాకా ఆడామగా మధ్య ఉన్న తేడా దాదాపు చెరిగిపోయింది. పరీక్ష పెడితే మార్కుల్లో తేడా కూడా బాగా తగ్గింది. ఇంకో లెక్క కూడా వేశారు, అది మీలాంటి లెక్కల టీచరుకు నచ్చుతుంది: బడి ఒక మైలు దూరం జరిగితే మగపిల్లల్లో నూటికి 13 మంది తగ్గుతారు, ఆడపిల్లల్లో 19 మంది. తండ్రులకు ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వలేదు. సమానత్వం గురించి పోస్టర్లు అంటించలేదు. బడిని ఇంటికి దగ్గరగా తెచ్చారు, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లలో మగపిల్లల కంటే ఆడపిల్లలే ఎక్కువ. ఆడపిల్లకు చదువెందుకు అనేదే ఆ ఊళ్ల పట్టుదల అయితే, గడప పక్కన బడి పెట్టినా రాకూడదు కదా?

యుద్ధం ఉన్న దేశాల్లో ఆడపిల్లల చదువు ఎందుకు ముందు తెగిపోతుందో ఇందులోనే ఉంది. యునెస్కో 2015లో వేసిన లెక్క ప్రకారం, యుద్ధం లేని చోట కంటే యుద్ధం ఉన్న చోట ఆడపిల్ల బడి బయట ఉండే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు. మామూలు రోజుల్లో మైలంటే మైలే. తుపాకులు తిరిగే రోజుల్లో ఆ మైలు పది మైళ్లవుతుంది. కొడుకునైతే తండ్రి గుండె రాయి చేసుకుని పంపుతాడు, కూతుర్ని పంపడు.

మీవారు ఇంకా ఆచారం దగ్గరే ఉంటే ఈ నాలుగు ముక్కలు చెప్పండి. కాబూల్లో ఆడపిల్లల బడి 1921లో పెట్టింది ఆ దేశపు రాణి, సొరయా. 2019లో ఏషియా ఫౌండేషన్ అనే సంస్థ దేశమంతా తిరిగి అడిగితే నూటికి 85 మందికి పైగా ఆడవాళ్ల చదువు మంచిదే అన్నారు. కాందహార్‌కు చెందిన మతివుల్లా వేసా అనే యువకుడు మోటారు సైకిల్ మీద పుస్తకాలు కట్టుకుని ఊరూరా తిరిగి, ఆడపిల్లల బడి తెరవాలని గడ్డాలు నెరిసిన పెద్దల చేత చెప్పించాడు. అందుకు 2023 మార్చిలో తాలిబన్లు పట్టుకెళ్లి ఏడు నెలలు జైల్లో పెట్టారు. మతం అంటారా, ఆడవాళ్లకు యూనివర్సిటీలు మూసినప్పుడు ఈజిప్టులోని పేరున్న ఇస్లాం విద్యాపీఠం అల్ అజ్హర్ పెద్ద ఇమామే అది షరియాకు విరుద్ధమన్నాడు. ముస్లిం దేశాలు ఇన్ని ఉండగా ఆడపిల్లలకు హైస్కూలు వద్దన్న సర్కారు ప్రపంచంలో ఈ తాలిబన్లది ఒక్కటే. 2025 జనవరిలో తాలిబన్ విదేశాంగ ఉపమంత్రి స్తానిక్‌జాయ్ కూడా, దీనికి ఏ సాకూ లేదని సభలో బాహాటంగా అన్నాడు. తర్వాత దేశం విడిచి వెళ్లాడని వార్తలొచ్చాయి.

అన్నట్టు, 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగంగారు ఆడపిల్లల బడి పెట్టినప్పుడు వినబడ్డదీ "ఆచారం" అన్న ఈ మాటే. మీవారిది గోదావరి జిల్లా అయితే ఈ ముక్క కాస్త గట్టిగా చెప్పండి.

"కన్నవాళ్లకు లేని బాధ" అన్నారు కదా. పాసైన పిల్లను మళ్లీ అదే క్లాసులో కూర్చోబెట్టింది ఎవరు? ఆ కన్నవాళ్లే. అక్కడ చాలా ఇళ్లలో ఇదే చేస్తున్నారు, ఇంకో ఏడాదైనా బడి గేటు దాటనిద్దామని. ఇంతకంటే బాధ పడ్డట్టు ఎలా చూపిస్తారు? 2022 మార్చి 23న ఏడో తరగతి నుంచి ఆడపిల్లల బడులు తెరుస్తామన్నారు. పిల్లలు నల్ల బట్టలు, తెల్ల ముసుగు వేసుకుని వెళ్లారు, బెంచీల మీద కూర్చున్నారు. కొన్ని గంటల్లోనే వెళ్లిపొమ్మన్నారు. ఏడుస్తూ బయటికొచ్చిన పిల్లల వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ పొద్దున వాళ్లను గేటు దాకా దిగబెట్టింది తల్లిదండ్రులే.

మీ అబ్బాయి చెప్పిన నలభై లెక్కకు వద్దాం. అబద్ధం కాదు. 2021లో కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లేనాటికి ప్రాథమిక బడుల్లో పదిమందిలో నలుగురు ఆడపిల్లలే. 2001లో లెక్కకు దాదాపు సున్నా. 2018 నాటికి ప్రాథమిక తరగతుల్లోనే 25 లక్షల మంది ఆడపిల్లలు. మొత్తం పిల్లలు పది లక్షల నుంచి కోటి దాకా పెరిగారు. చిన్న సంగతి కాదు. కానీ ఈ లెక్కను రెండు చోట్ల గిల్లి చూడాలి.

ఒకటి, రిజిస్టరు. మన సర్వీసులో మనకు తెలియనిదా? పేరుండి పిల్ల లేకపోవడం. అక్కడ బడికి రావడం మానేసిన పిల్లను కూడా మూడేళ్ల వరకు రిజిస్టర్లో ఉంచి లెక్కపెట్టేవారు, తిరిగి వస్తుందేమోనని. 2016 చివర్లో కాబూల్ విద్యామంత్రే, బడిలో ఉన్నారని చెబుతున్న కోటికి పైగా పిల్లల్లో నిజంగా వచ్చేది 60 లక్షల మందేనని ఒప్పుకున్నాడు. డబ్బిచ్చే దేశాలకు పెద్ద అంకె కావాలి, జీతాలు రాయించుకునే వాళ్లకూ పెద్ద అంకే కావాలి. అప్పటి బడుల్లో నూటికి 41కి భవనమే లేదు. ఆరుబయట పాఠం మగపిల్లలకు సర్దుకుంటుంది. గోడ లేని చోట, మరుగుదొడ్డి లేని చోట పదమూడేళ్ల పిల్లను ఏ తల్లి పంపుతుంది? 2021కి ముందు అంతా బంగారం అన్నట్టు కొందరు రాస్తున్నారు, నేను ఒప్పుకోను. ఆ ఏడాది మే 8న, తాలిబన్లు ఇంకా రాకముందే, కాబూల్ పశ్చిమాన దష్తె బర్చిలో సయ్యదుల్ షుహదా బడి వదిలే వేళకు బాంబులు పేల్చారు. ఎనభై మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడపిల్లలే. హజారాలనే షియా మైనారిటీవాళ్లు ఉండే పేట అది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అదే పేటలో కాజ్ అనే ట్యుటోరియల్లో, యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు నమూనా పరీక్ష రాస్తున్న పిల్లల మీద మళ్లీ దాడి. యాభై మందికి పైగా.

రెండోది ఇంకా ముఖ్యం. ఏ తరగతి దగ్గర లెక్కపెట్టారు? ఒకటి నుంచి ఆరు వరకు చూస్తే నలభై. ఏడు దగ్గర చూస్తే సున్నా. ఆడామగా సమానమా అని అడిగేవాళ్లు తరచు మొదటి మెట్టు మీద నిలబడి లెక్కపెడతారు, అంకె చూడ్డానికి బాగుంటుంది. యునిసెఫ్ 2025 మార్చిలో చెప్పినదాని ప్రకారం, హైస్కూలు అందని ఆడపిల్లలు ఆ ఏడాది చేరాల్సినవాళ్లతో కలిపి 22 లక్షలు. మీ మేడ మీది అబ్బాయి చెల్లెలు ఆ అంకెలో ఒకటి. మీ అబ్బాయి చూసిన నలభైలో ఆ పిల్ల లేదు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆడపిల్లల్ని ఆపినంత మాత్రాన మగపిల్లలు బాగుపడలేదు. మగపిల్లలకు ఆడ టీచర్లు పాఠం చెప్పకూడదన్నారు. దాంతో బాగా చెప్పే టీచరమ్మలు పోయి, క్లాసు ఖాళీగానైనా ఉంది, ఎవరో ఒకరి చేతికైనా వెళ్లింది. ఇంటికి డబ్బులు లేక పనికెళ్లే పిల్లలు సరేసరి. ప్రాథమిక బడుల్లో ఆడామగా కలిపి 2019లో 68 లక్షల మంది ఉంటే, 2022కి 57 లక్షలయ్యారు. ఇద్దరూ కలిసి పడిపోతే నిష్పత్తి మాత్రం పచ్చగా కనబడుతుంది. లెక్కల టీచరు కదా, మీ అబ్బాయికి లవం, హారం గురించి మీరే చెప్పుకోండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది వేరే. పెద్ద ఆడపిల్లలకు ఆడ టీచరే చెప్పాలన్నది అక్కడ తాలిబన్లకు ముందు నుంచీ ఉన్న పట్టింపు. ఊళ్లలో నాలుగో తరగతి దాటాక టీచరమ్మ లేకపోతే పిల్లను మాన్పిస్తారు. ఆ టీచరమ్మ ఎక్కణ్ణుంచి వస్తుంది? పన్నెండు పాసై, ట్రైనింగు చేసిన ఆడపిల్లల్లోంచి. ఏడు మూసేశారు కాబట్టి పన్నెండు పాసయ్యే ఆడపిల్ల లేదు. 2022 డిసెంబరులో యూనివర్సిటీలు మూశారు. 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని కోర్సులు కూడా మూశారు. ఇప్పుడున్న టీచరమ్మలు ఒక్కొక్కరే రిటైరవుతారు, వాళ్ల కుర్చీలో కూర్చునేవాళ్లు ఉండరు. అప్పుడు ఎవరూ హుకుం జారీ చెయ్యకుండానే నాలుగు, ఐదు తరగతులు ఖాళీ అవుతాయి. ఇప్పుడు ఆరు వరకైనా ఉంది కదా అని మీ అబ్బాయి అనుకుంటున్న ఆరు కూడా ఊరికే నిలబడదు. కాన్పుల సంగతి నేను విడిగా చెప్పక్కర్లేదు. ఆడవాళ్లను మగ డాక్టరుకు చూపించడానికి ఒప్పుకోని ఊళ్లో మంత్రసాని లేకపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇక సర్టిఫికెట్. ఇది మీరు అడగాల్సిన ప్రశ్నే, అడిగినందుకు సంతోషం. జవాబు సూటిగా చెబుతాను: మీ పాఠాలకు సర్టిఫికెట్ రాదు, వస్తుందని ఆ పిల్లతో ఎప్పుడూ అనకండి. యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్ అనే అమెరికా ఆన్‌లైన్ విశ్వవిద్యాలయం అఫ్గాన్ ఆడపిల్లలకు ఫీజు లేకుండా సీట్లిస్తోంది. కానీ దానికి పన్నెండు పాసై ఉండాలి. ఆరు దగ్గర ఆగిపోయిన పిల్లకు అది చాలా దూరం. ఇప్పుడే ఆ మాటెత్తి ఆశ పెట్టొద్దు.

అయినా చదువు వృథా పోదని ఎందుకంటున్నానంటే, ఇది రెండోసారి కాబట్టి. 1996 నుంచి 2001 దాకా తాలిబన్లు ఏలినప్పుడు ఆడపిల్లల బడులన్నీ మూశారు. ఇళ్లలో దొంగచాటుగా బడులు నడిచాయి. షబానా బాసిజ్ రసీఖ్ అనే ఆవిడ అప్పుడు చిన్నపిల్ల. మగపిల్లాడి బట్టలు వేసుకుని, ఒంటరిగా బయట తిరగకూడని అక్కకు తోడుగా, రోజూ వేర్వేరు దారుల్లో ఆ రహస్య బడికి వెళ్లేది. ఆ బడికీ సర్టిఫికెట్ లేదు. 2002 మార్చిలో బడులు తెరిచాక ఆ ఏడాది దాదాపు 30 లక్షల మంది పిల్లలు వచ్చారు. ఇంట్లో చదువుకున్న ఆడపిల్లలు అక్షరాల దగ్గర మళ్లీ మొదలుపెట్టకుండా తమకు తగ్గ క్లాసుల్లో కూర్చోగలిగారు. షబానా పెద్దయ్యాక కాబూల్లో ఆడపిల్లలకు హాస్టలు బడి పెట్టింది, 2021 ఆగస్టులో పిల్లలందర్నీ తీసుకుని రువాండాకు వెళ్లి అక్కడ నడుపుతోంది. గేటు ఎప్పుడు తెరుస్తారో మీ చేతిలో లేదు, నా చేతిలో లేదు. తెరిచిన రోజుకు ఆ పిల్ల పదోతరగతి లెక్కలు చెయ్యగలిగితే పదిలో కూర్చుంటుంది. చెయ్యలేకపోతే పద్దెనిమిదేళ్లకు పన్నెండేళ్ల పిల్లల మధ్య ఏడులో కూర్చోవాలి. అంత సిగ్గు చంపుకుని ఎంతమంది కూర్చుంటారు?

ఇప్పుడు మీవారి చివరి మాట. "ఆ పిల్లకేమన్నా అయితే?" ఇందులో ఆయనదే పైచెయ్యి. మనకు ఇక్కడ ఉత్సాహం, ప్రమాదం అక్కడ. అందుకని ముందు ఆ అబ్బాయిని కాదు, ఆ పిల్ల తల్లిని అడగండి. అన్న హైదరాబాదులో ఉన్నాడు, తలుపు తట్టే చప్పుడు వినేది తల్లి. ఆవిడ సరేనంటేనే మొదలుపెట్టండి, ఆవిడ కొన్నాళ్లు ఆపమంటే ఎందుకని అడక్కుండా ఆపండి.

ఫొటోలు, స్క్రీన్‌షాట్లు వద్దు. ముఖ్యంగా మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "కాబూల్ అమ్మాయికి మన లెక్కల మేడం" అని ఎవరూ పెట్టకుండా చూసుకోండి. మంచి మనసుతోనే పెడతారు, పది గ్రూపులు తిరిగి ఎక్కడికి చేరుతుందో తెలియదు. పిల్ల పేరు మీ మరిదిగారి ఇంట్లో కూడా చెప్పకండి. ఇంకో మాట. ఇంట్లో ఒక పిల్ల ఫోన్లో లెక్కలు నేర్చుకోవడం వేరు, వీధిలోని పదిమందిని పోగేసి చెప్పించడం వేరు. రెండు వారాలు పోయాక "పక్కింటి అక్క కూడా వింటానంటోంది" అని ఆ పిల్ల తప్పకుండా అడుగుతుంది. మీకు ఎగిరి గంతెయ్యాలనిపిస్తుంది. అది మాత్రం తల్లి నిర్ణయానికే వదిలెయ్యండి.

వారానికి రెండు రోజులు చాలదు. రోజూ అరగంట మేలు, కానీ వీడియోలో కాదు. అక్కడ కరెంటు చాలావరకు పొరుగు దేశాల నుంచి కొనుక్కునేది, ఎప్పుడు పోతుందో తెలియదు, డేటా కూడా ఖరీదే. మీరు కాగితం మీద లెక్క చేసి ఫొటో తీసి, పక్కనే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టండి. ఇంగ్లీషు అందకపోతే అన్న వాళ్ల భాష దరీలోకి తిప్పి చెబుతాడు. పిల్ల తను చేసింది ఫొటో తీసి పంపుతుంది. మీరు ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపండి. వారానికోసారి ఫోన్లో మాట్లాడితే చాలు. కాబూల్ గడియారం మనకంటే గంట వెనక, మన ఆరింటికి వాళ్లకు ఐదు. ఎప్పుడూ పదిరోజులకు సరిపడా లెక్కలు ఆ పిల్ల నోటుపుస్తకంలో ముందే ఉండేలా చూడండి. 2025 సెప్టెంబరు చివర్లో దేశమంతా రెండు రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. మళ్లీ ఆపరని నమ్మకం లేదు.

మీరు ఒక్క సబ్జెక్టు చెబుతారు, మిగతావో? బేగం అకాడమీ అని ఒకటుంది, పారిస్‌లో ఉన్న అఫ్గాన్ ఆడవాళ్లు నడుపుతున్నది. ఏడు నుంచి పన్నెండు వరకు అఫ్గాన్ సిలబస్ మొత్తం దరీలో, పష్తోలో వీడియో పాఠాలుగా ఉచితంగా ఇస్తారు. బేగం టీవీ అని ఉపగ్రహ చానల్ కూడా ఉంది, 2024 మార్చి 8న మొదలైంది. ఇంట్లో డిష్ ఉంటే నెట్ అక్కర్లేదు. చదువుకునే పుస్తకాలకు దరఖ్తె దానిష్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, చదువుల చెట్టు అని అర్థం. అన్నకు ఈ పేర్లన్నీ చెప్పండి, తెలిసే ఉండొచ్చు. తెలియకపోతే మీరు చెప్పే లెక్కల కంటే ఇది ఎక్కువ మేలు. మీరు ఆ సిలబస్ వెంటే నడవండి, మన సీబీఎస్ఈ పుస్తకం తీసుకెళ్లి నెత్తిన పెట్టకండి.

కష్టసుఖాలు అడగొద్దని కాదు, రోజూ అడగొద్దు. ఆ పిల్లను పాపం అనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. తప్పు చేస్తే కసిరే టీచరు మాత్రం లేరు. మీరు కాలేజీలో ఎలా కసిరేవారో అలాగే కసరండి.

మొదటి వారం ఋణ సంఖ్యల జోలికి వెళ్లొద్దు. నోటుపుస్తకంలో సగం తప్పులన్నారు కదా, అవి ఎక్కడున్నాయో ముందు చూడండి. ఆరు రెండుసార్లు చదివిన పిల్లకు కూడా భిన్నాల కూడిక దగ్గరే తేడా వస్తుంటుందని నా అనుమానం, మన పిల్లలకూ అక్కడే కదా వస్తుంది. నాన్ రొట్టె బొమ్మ గీసి ముక్కలు చెయ్యండి, వాళ్ల ఇంట్లో రోజూ ఉండేదే.

దిద్దే ముందు ఒకటి గుర్తుంచుకోండి. వాళ్లు రాసే అంకెలు వేరు. ఐదు తలకిందులు చేసిన గుండె బొమ్మలా ఉంటుంది. సున్నా అంటే ఒక చుక్క, అంతే. మీరు 1.5 అని రాసి పంపితే ఆ పిల్లకు నూట ఐదులా కనబడొచ్చు. మీరు తప్పులనుకున్న సగంలో కొన్ని తప్పులే కాకపోవచ్చు కూడా. సాయంత్రం ఆ అబ్బాయి మెట్లు దిగొచ్చినప్పుడు కూర్చోబెట్టి, సున్నా నుంచి తొమ్మిది దాకా రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఆ తర్వాతే నోటుపుస్తకం ఫొటోలు తెప్పించుకుని మళ్లీ మొదటి పేజీ నుంచి దిద్దండి.